లైసెన్సు ఆవిడది, నేర్పు ఈవిడది

దివిటీ యంత్రం కింద మొదటిసారి కూర్చుని వచ్చాక, సోమవారం పొద్దున గుత్తుల తన్మయికి కాలు నేలమీద నిలవలేదు. బడి గేటు దాటీ దాటకముందే ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తె పొట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

“కడుపునొప్పి మేడమ్.”

అదే పిల్ల, అదే నొప్పి, వారం వారం వచ్చేదే. మామూలుగా అయితే తన్మయి కాసిని వాము నీళ్ళు తాగించి, బెంచీ మీద పడుకోబెట్టి, పొద్దున్నే టిఫిన్ తినకుండా వస్తే నొప్పి రాక ఏమొస్తుందని కసిరి పంపేసేది. ఆవేళ మాత్రం ఆ పిల్ల మాట చివర ఏదో సన్నగా జారిపోవడం ఆమె చెవికి తగిలింది. “ఊఁ” అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం కూడా మామూలు ఊరుకోవడం కాదు, వచ్చినవాళ్ళకు చాప పరిచినట్టు ఊరుకోవడం. పిల్ల నేల చూసింది, గోడ చూసింది, ఇక ఆపుకోలేక “మా నాన్న ఇంటికి రావట్లేదు మేడమ్” అని బావురుమంది.

తన్మయి దాన్ని దగ్గరకు తీసుకుంది గానీ, లోపల మాత్రం పట్టరాని సంతోషం. చెప్పొద్దూ, ఏడుస్తున్న పిల్లను పొదువుకుని సంతోషపడటం పాపమే. కానీ ఎనిమిదేళ్ళుగా ఇదే బడిలో ఉండి వినలేకపోయినది ఇవాళ వినపడితే ఎవరికి మాత్రం ఆగుతుంది?

సాయంత్రం ఇంటికెళ్ళీ వెళ్ళగానే, “ఏవండీ, నాకు వినపడిందండీ!” అని అరిచింది.

కడియం నర్సరీల్లో అంటు మొక్కల వ్యాపారం చేసే వీరబాబు కాళ్ళ మట్టి కడుక్కుంటూ తలెత్తి చూశాడు. “అంటే ఇన్నాళ్ళూ నీకు చెవుడా? పెళ్ళిచూపుల్లో ఒక్కళ్ళూ చెప్పలేదే!”

“ఎగతాళి ఆపండి. ఆ వినడం నాది కాదు. పేరిందేవి గారిది. ఆవిడ ముప్పై ఏళ్ళ చెవి నాకొచ్చేసింది!”

“మరావిడికి?”

“ఆవిడికీ ఉంటుంది. ఒక దివిటీతో ఇంకో దివిటీ వెలిగించుకుంటే మొదటిది ఆరిపోద్దా ఏంటి?” అంది తన్మయి. ఆ యంత్రం తయారుచేసిన ఫిలిప్ గారు చెప్పిన మాటే అది. విన్నది విన్నట్టు అప్పజెప్పేసింది.

ఇక్కడ ఈ ఉద్యోగాల సంగతి కాస్త చెప్పుకోవాలి. బళ్ళలో పిల్లల మనసు కనిపెట్టి చూసేవాళ్ళకు మూడు మెట్లున్నాయి. మొదటి మెట్టు వెల్‌నెస్ టీచరు. రెండు వారాల శిక్షణ తీసుకుని, పిల్ల ముభావంగా ఉంటే గమనించి పై మెట్టుకు పంపడం వరకే ఆవిడ పని. రెండో మెట్టు కౌన్సెలర్. డిప్లొమా చదివి ఉంటుంది, పిల్లలతో మాట్లాడుతుంది, అభిప్రాయం రాయొచ్చు. అంతే, ఫలానా పిల్లకు ఫలానాది అని తేల్చడానికి వీల్లేదు. మూడో మెట్టు స్కూల్ సైకాలజిస్టు. పెద్ద చదువు చదివి, ఆపైన రెండేళ్ళు ఒక సీనియర్ పక్కన కూర్చుని పని నేర్చుకుంటేగానీ లైసెన్సు రాదు. తేల్చేదీ, సంతకం పెట్టేదీ ఆవిడే. ఈ పట్టింపు ఊరికే రాలేదు. ఒకప్పుడు ఎవరికి తోచిన బోర్డు వాళ్ళు పెట్టేసుకుని, వినికిడి సరిగా లేని పిల్లాడికి మందబుద్ధి అని ముద్ర వేసిన మహానుభావులున్నారు. బోర్డు మీది హోదా చూసే కదా తల్లులు పిల్లల్ని తెచ్చి మన చేతుల్లో పెట్టేది!

రెండో మెట్టు మీదున్న తన్మయి పెద్ద చదువు దూరవిద్యలో పూర్తి చేసింది, పరీక్ష గట్టెక్కింది. మిగిలింది ఆ రెండేళ్ళే. పక్కన కూర్చోబెట్టుకోవడానికి సీనియర్లేరీ? జిల్లా మొత్తానికి పేరిందేవి గారొక్కరే. ఆవిడకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆవిడ కోసం కాచుక్కూర్చున్న కౌన్సెలర్లు బారులు తీరి ఉన్నారు.

సరిగ్గా అప్పుడు వచ్చింది దివిటీ. రాజమండ్రిలో ఫిలిప్ గారి ప్రయోగశాలలో రెండు కుర్చీలు, రెండు టోపీలు, మధ్యన బీరువా అంత యంత్రం. పేరిందేవి గారు ఒక టోపీ పెట్టుకుని, తాను చూసిన పిల్లల్లో ఒకరి పాత టేపు వింటారు. ఆ గొంతుకు ఆవిడ ఊపిరి ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఓపిక పట్టారో, ఎక్కడ మాట అందించారో యంత్రం పట్టుకుని అవతలి టోపీలోకి పంపుతుంది. ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. విడతలన్నీ పూర్తిచేస్తే రెండేళ్ళూ పక్కన కూర్చున్నట్టే లెక్క, లైసెన్సు ఆ రోజే చేతికిస్తారు.

“ఇచ్చినవాళ్ళకు కాస్త మరపు వస్తుందండీ, కానీ తిరిగొచ్చేస్తుంది,” అన్నాడు ఫిలిప్, టోపీ పట్టీ బిగిస్తూ. ఆయన హుషారుకి ఆ గది చాలేది కాదు. “వీణ వాయించే ఆయన మీద పరీక్ష చేశాం. ఆ సాయంత్రం వేళ్ళు తడబడ్డాయి. నాలుగు రోజుల్లో మళ్ళీ మామూలే! మీరు మొదటివారు తన్మయి గారూ. మీ తరవాత బడికొక సైకాలజిస్టు!”

తన్మయి ఒళ్ళు పులకరించింది. వారం వారం ఒక విడత. అబద్ధం చెప్పేటప్పుడు పిల్లలు ఏ పదం దగ్గర తొందరపడతారో ఒక శనివారం తెలిసింది. కోపంగా ఉన్న పిల్లాడితో ఎంత దూరంలో నిలబడాలో ఇంకో శనివారం తెలిసింది. నేర్పుతోపాటు ఎవరెవరో పిల్లల మొహాలు కూడా వచ్చేవి. పుస్తకం కొంటే లోపల ఎవరిదో నెమలీక దొరికినట్టు ఆమెకు అది ముచ్చటగానే ఉండేది. హెడ్మాస్టరు వర్మగారికైతే తొందరెక్కువ. లైసెన్సు రాకముందే గది బయట ‘గుత్తుల తన్మయి, స్కూల్ సైకాలజిస్టు’ అని బోర్డు రాయించేశారు. “సార్, ఇంకా రాలేదండీ, జైల్లో పెడతారు నన్ను!” అని తన్మయి మొత్తుకుంటే దానికో గుడ్డ కప్పించారు. పిల్లలు రోజుకోసారి గుడ్డ ఎత్తి చదివి నవ్వుకునేవాళ్ళు.

అంతా నవ్వులాటే అయితే బావుండేది. ఆరో తరగతిలో యామిని ఉంది.

యామిని ఆ బడిలో చేరాక ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే పలకదు, దాహమేస్తే అడగదు. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది. తండ్రి నర్సరీలో అంటు కడతాడు, నాయనమ్మ నాగరత్నం అక్కడే మొక్కలకు సంచులు నింపుతుంది.

“ఇంటికాడ వసపిట్టలాగ వాగుద్దండి, ఆయ్!” అంది నాగరత్నం, కొంగుతో మొహం తుడుచుకుంటూ. “ఫోనులో దాని గొంతు పట్టేద్దామంటే ఫోను చూసి మూతి బిగించేత్తది. దాన్నేదో మూగపిల్లల హాస్టల్లో ఏత్తామంటన్నారంట. అక్కడేత్తే నిజంగానే మూగదైపోద్దమ్మా. నా పిల్ల మూగది కాదు.”

జిల్లా కమిటీ సోమవారం వస్తోంది. ఆ రోజు బడి ఆవరణలో, లైసెన్సు ఉన్న సైకాలజిస్టు సమక్షంలో పిల్ల గొంతు వినపడితే యామిని ఇక్కడే ఉంటుంది. లేకపోతే దూరపు ఊళ్ళో మాటరాని పిల్లల వసతి బడికి పంపేస్తారు. తన్మయి అభిప్రాయం రాసింది: ఈ పిల్లది మూగతనం కాదు, బడిలో భయం గొంతు పట్టేస్తోంది అని. కౌన్సెలర్ అభిప్రాయం కదా, దస్త్రంలో అడుగున పడింది.

పేరిందేవి గారు ఒకసారి వచ్చి చూశారు కూడా. ఆవిడ యామిని ఎదురుగా కూర్చుని, ‘నీకేం ఇష్టం, స్నేహితులెవరు, ఎందుకు మాట్లాడవు’ అని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని అడిగినట్టుంది. యామిని ఇంకా ముడుచుకుపోయింది. బయటికొచ్చాక పేరిందేవి గారు తన్మయి చెయ్యి పట్టుకుని, “నా వల్ల కావట్లేదే. నువ్వు తొందరగా పూర్తిచెయ్యి. చివరి విడత శనివారం పెట్టుకుందాం. సోమవారం నువ్వే చూద్దువుగాని,” అన్నారు. ఇంత పెద్దావిడ పిల్లను అలా ఎందుకు అడిగిందా అని తన్మయికి అనుమానం తగిలింది. కానీ సైకాలజిస్టు అయిపోతున్నానన్న సంబరం ఆ అనుమానాన్ని పక్కకు నెట్టేసింది.

ఆ వారంలోనే ఒక కానిస్టేబులు బడికొచ్చాడు. చంకలో బొద్దుగా పిల్లాడు, చేతిలో మిఠాయి డబ్బా. పేరిందేవి గారు ఇక్కడున్నారని తెలిసి వెతుక్కుంటూ వచ్చాడట.

“మేడమ్, గుర్తుపట్టారా? మావాడి మొదటి పుట్టినరోజండీ, మీరొచ్చి తీరాలి!”

పేరిందేవి గారు నవ్వారు. “రా బాబూ, రా. బాగున్నావా?” అన్నారు. మర్యాదైన నవ్వు. బస్సులో పక్క సీటు వాళ్ళతో నవ్వే నవ్వు.

తన్మయి నోరు ఊరుకోలేదు. “లోవరాజూ! ఇంకా గోదావరి వంతెన మీద కళ్ళు మూసుకుని అంకెలు వెనక్కి లెక్కపెడుతున్నావా?”

కానిస్టేబులు బిత్తరపోయాడు. “మీరెవరండీ? ఆ సంగతి మేడమ్ గారికి తప్ప మా అమ్మక్కూడా తెలీదే!”

తన్మయికి అతన్ని చూడటం అదే మొదలు. అయినా అతనికి పదేళ్ళప్పుడు నిద్రలో ఏ పేరు పలవరించేవాడో తెలుసు, వంతెన మొదటిసారి కళ్ళు తెరుచుకుని దాటిన రోజు ఎంత గట్టిగా కేక పెట్టాడో తెలుసు. అతన్ని పట్టుకుని ముద్దాడాలన్నంత ప్రేమ పొంగుకొచ్చింది. పేరిందేవి గారి వంక చూసింది. ఆవిడ మిఠాయి డబ్బా తాడు ముడి విప్పుకుంటూ కూర్చుంది. ఆ మొహంలో లోవరాజు లేడు.

అతను వెళ్ళాక అడిగితే, “వయసమ్మా, వయసు,” అని దాటేశారు.

ఆ మర్నాడే పేరిందేవి గారి ఇంట్లో భోజనం. కూతురు స్నిగ్ధ గూడ్సు బండి నడుపుతుంది. రెండు రోజుల డ్యూటీ దిగి వచ్చి, అన్నం ముందు కూర్చుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. సిగ్నళ్ళు, గేదెలు, పిడుగురాళ్ళ దగ్గర పట్టాల మీద కల్లుముంతతో పడుకున్న పెద్దాయన, అన్నీ ఒక్క ముద్దకే అయిపోయాయి.

“అక్కా, మా అమ్మకి ఈమధ్య మరీ మతిమరపు,” అంది పులుసు పోసుకుంటూ. “మొన్న పాత ఫోటోలు తీశాను. పిల్లల్లో ఒక్కళ్ళ పేరు చెప్పలేదు. నా సంగతి మాత్రం పొల్లుపోకుండా చెప్పింది. అమ్మా, అక్కకి చెప్పు, నా మొదటి మాట!”

పేరిందేవి గారి మొహం ఒక్కసారిగా విప్పారింది. “అప్పటికి నేను బీమా ఆఫీసులో గుమాస్తానే. ఇది ఇంట్లో గయ్యాళి, బడిలో మూగనోము. ఎంతమంది డాక్టర్ల దగ్గరకు తిప్పానో! అందరూ అడిగేవాళ్ళే, ఇది పలికేది కాదు. ఒకరోజు విసుగొచ్చి, అడగడం మానేసి, బడి వరండాలో దీని పక్కన కూర్చున్నా. ఇద్దరం గోడ చూస్తున్నాం. దీని బొమ్మకి గౌను తొడుగుతూ బొత్తాలు ఒకదానిది ఒకదానికి పెట్టేశా. నిజంగా పొరపాటే! ఇది కాసేపు ఓర్చుకుంది. ఇక తట్టుకోలేక, ‘అమ్మా, తప్పు!’ అని బడంతా వినపడేట్టు అరిచింది. ఆ కేక విన్నాకే గుమాస్తా పని మానేసి ఈ చదువు చదివాను.”

తన్మయి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఫిలిప్ చెప్పాడు: విడతలు కొత్త పిల్లలతో మొదలై పాత పిల్లల దాకా వెళతాయి, మాట పెగలని పిల్లల్ని మాట్లాడించే నేర్పు అన్నిటికంటే అడుగున ఉంది, అది చివరి విడతలో వస్తుంది అని. అడుగున ఉన్నది స్నిగ్ధ.

వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి అడిగింది. “ఇచ్చిన జ్ఞాపకాలు తిరిగి రావట్లేదు కదూ? ఎప్పట్నించి తెలుసు మీకు?”

“నాలుగో విడతనుంచీ తెలుసు. గట్టిగా మాట్లాడకు.”

“ఫిలిప్ గారితో చెప్పలేదే!”

“చెప్తే ఆపేస్తాడు. ఆ వీణాయన మర్నాడు మళ్ళీ సాధనకు కూర్చున్నాడే, వచ్చింది. నా పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. మళ్ళీ చిన్నవాళ్ళై నా ముందుకొస్తారా?” ఆవిడ చేతులు కడుక్కుంటూ మామూలుగానే అంది. “ఇవన్నీ నా దగ్గరుంటే నాతోనే పోయేవి. నీ దగ్గరుంటే ఇంకో పాతికేళ్ళు పిల్లలకు పనికొస్తాయి. నష్టమేముందే?”

తన్మయి ఇంటికి వెళ్ళేదాకా ఏడుస్తూనే ఉంది. పాపిష్టి మనసు, ఆ ఏడుపులోనూ ఒకపక్క లెక్క వేస్తూనే ఉంది. ఒక్క విడత. ఒక్కటంటే ఒక్కటి. లైసెన్సు వస్తుంది, బోర్డు మీద గుడ్డ తీస్తారు, యామిని ఇంట్లో ఉంటుంది. ఆవిడే ఇస్తానంటుంటే కాదనడానికి నేనెవర్ని?

శనివారం కుర్చీలో కూర్చునే వరకూ ఏదీ తేల్చుకోలేదు.

“ఇవాళ పండగండీ!” ఫిలిప్ చేతులు రుద్దుకున్నాడు. “చివరి విడత! మేడమ్ గారు ఇంట్లోంచి చాలా పాత టేపు తెచ్చారు. చిన్న పాప గొంతు. వినండి, భలే ముద్దుగా ఉంది.”

టోపీలో గరగర మొదలైంది. దాని వెనక బుల్లి గొంతు కిచకిచలాడింది. “అమ్మా, రైలు! అమ్మా, చూడూ…” వెచ్చటి తల్లి ప్రేమ ఒకటి తన్మయి ఛాతీ అంచు దాకా వచ్చింది. తనకు పిల్లల్లేరు. ఇంత ప్రేమ ఉంటుందని తెలీదు. చెయ్యి చాస్తే తనదైపోతుంది. పక్క కుర్చీలో పేరిందేవి గారు కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉన్నారు.

తన్మయి టోపీ లాగి పడేసింది. తీగ తెగి యంత్రం కుయ్యోమంది.

“ఆపండి! ఆ పాప స్నిగ్ధ! అది కూడా తీసేసుకుంటే ఈవిడకి కూతురి చిన్నతనం మిగలదు!”

జరిగింది చెబుతుంటే ఫిలిప్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “మేడమ్, వారం వారం అడిగాను కదండీ! గుర్తొస్తున్నారా అంటే వస్తున్నారన్నారు!” అంటూ నేలమీద కూలబడ్డాడు. పండగ చేసుకుందామని వచ్చిన మనిషి ఏడ్చేశాడు.

పేరిందేవి గారికి మాత్రం మండిపోయింది. “నా జ్ఞాపకం, నా ఇష్టం! ఎల్లుండి ఆ పిల్లను బస్సెక్కిస్తారు. దాని నాయనమ్మకేం చెప్తావే? మా మేడమ్ గారి జ్ఞాపకాలు దాచిపెట్టుకున్నాం అని చెప్తావా?”

“ఆ పిల్లను మీరే మాట్లాడిస్తారు.”

“నేనా? నా దగ్గరేముంది? లైసెన్సు కాగితం తప్ప అంతా నీ దగ్గరుంది!”

“అంతా లేదు. ఆ ఒక్కటీ మీ దగ్గరే ఉంది. అదే కావాలి యామినికి!” తన్మయి ఆవిడ చేతులు పట్టుకుని ఊపేసింది. “మొన్న మీరు డాక్టరుగా వచ్చి ప్రశ్నలు వేశారు. సోమవారం స్నిగ్ధ అమ్మలాగా రండి. పక్కన కూర్చోండి. ఊపిరి వినడం, ఎప్పుడు ఆగాలో చూడటం నేను చూసుకుంటా. లైసెన్సు మీది, నేర్పు నాది. ఇద్దరం కలిస్తే ఒక సైకాలజిస్టు అవ్వమా?”

పేరిందేవి గారు తన టోపీ తీసి పక్కన పెట్టారు. “బొమ్మ గౌను ఇప్పుడెక్కడ దొరుకుతుందే?” అన్నారు.

“గౌనెందుకండీ? అది కడియం పిల్ల!”

సోమవారం పొద్దున్నే వీరబాబు మామిడి మొక్కల సంచులు నాలుగు, అంటు పుల్లలు, బ్లేడు, చుట్టడానికి టేపు తెచ్చి తన్మయి గదిలో పెట్టాడు. “మంచి మొక్కలే, పాడుచేసెయ్యకే!” అన్నాడు. పాడుచెయ్యడానికే అని తన్మయి చెప్పలేదు.

కమిటీ వాళ్ళిద్దరూ, వర్మగారూ తలుపు పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. కిటికీలోంచి నాగరత్నం తొంగిచూస్తోంది. యామిని గోడవైపు తిరిగి నేలమీద కూర్చుంది. పేరిందేవి గారు వచ్చి, ఆ పిల్ల ఎదురుగా కాదు, పక్కన, అదే గోడ చూస్తూ కూలబడ్డారు. మోకాళ్ళు పట్టేస్తే “అబ్బా” అన్నారు. పలకరించలేదు. ఒక సంచి ముందుకు లాక్కుని మొక్క తల కోశారు. మధ్యలో చీల్చారు. ఆ చీలిక వంకరగా వచ్చింది.

యామిని ఓరగా చూసింది.

పేరిందేవి గారు పుల్ల తీసుకుని చివర చెక్కడం మొదలుపెట్టారు. మొదలు చెక్కాల్సింది, కొస చెక్కుతున్నారు. యామిని మెడ కొంచెం సాగింది. తలుపు దగ్గరున్న తన్మయికి ఆ పిల్ల ఊపిరి ఛాతీలోంచి గొంతు దాకా రావడం స్పష్టంగా వినపడింది. సరిగ్గా అప్పుడే కమిటీ పెద్దాయన గడియారం చూసుకుని “ఇక మనం…” అనబోయాడు. తన్మయి చెయ్యి చాపి ఆయన నోటికి అడ్డం పెట్టినంత పని చేసింది. పై అధికారి అన్న భయం కూడా లేకపోయింది.

పేరిందేవి గారు పుల్లను తలకిందులుగా చీలికలో దోపారు. పైకి ఉండాల్సిన చిగురు కళ్ళు నేల చూస్తున్నాయి. యామిని చెయ్యి లేచింది. మళ్ళీ ఒళ్ళోకి పడిపోయింది. పేరిందేవి గారు బెదిరిపోయి తన్మయి వైపు చూశారు. ఆ చూపులో ‘పోయింది, చూశావా’ అని ఉంది. తన్మయి తల అడ్డంగా ఊపింది. పోలేదు. వస్తోంది. అడక్కండి. చుట్టండి.

ఆవిడ టేపు తీసుకుని చుట్టడం మొదలుపెట్టారు. ఒక చుట్టు, రెండో చుట్టు…

“అయ్యో! కళ్ళు కిందకెట్టేరండీ!”

నాగరత్నం కిటికీ చువ్వలు పట్టుకుని “అమ్మ నా తల్లే!” అంది.

“తల్లకిందులెట్టేరు! అది చచ్చిపోద్ది!” యామిని పేరిందేవి గారి చేతిలోంచి మొక్క లాగేసుకుంది. టేపు సర్రున విప్పింది. “ఇలా కాదండీ. పుల్ల మొదలు చెక్కాల. మా నానైతే ఒక్క ఏటుకి చెక్కేత్తాడు. సీలిక కూడా వంకర కోసేరు, దీనికి అతకదు. ఇంకో మొక్క ఇలాగియ్యండి. బ్లేడియ్యండి. మీకెవరు నేర్పేరండీ బాబూ!”

“ఎవరూ నేర్పలేదమ్మా, నువ్వు నేర్పు,” అన్నారు పేరిందేవి గారు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

కమిటీ పెద్దాయన ముచ్చటపడి, “పాపా, నీ పేరు…” అంటూ ముందుకు వంగాడు.

“అడక్కండి సార్!” తన్మయి గుసగుసగానే అరిచింది. “విన్నారు కదా. ఈ రోజుకది చాలు.”

ఆయన విన్నాడు. అందరూ విన్నారు. వర్మగారు జేబురుమాలు వెతుక్కుంటున్నారు. కాగితం మీద పేరిందేవి గారు సంతకం పెట్టి, కింద ‘లైసెన్స్‌డ్ స్కూల్ సైకాలజిస్టు’ అని రాసి, పెన్ను తన్మయికిచ్చారు. తన్మయి తన పేరు పెట్టి, పక్కన ‘ట్రెయినీ’ అని రాసింది. ఆ చిన్న మాట రాస్తుంటే ఆమెకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేం.

ఫిలిప్ దివిటీని ఆపేశాడు. పోయినవాటిని వెనక్కి తెచ్చే దారి కనిపెట్టేదాకా దాన్ని ముట్టుకోనన్నాడు. అలా విడతలకిచ్చిన లెక్క రద్దయింది. తన్మయికి రెండేళ్ళూ మొదటి రోజునుంచీ మొదలయ్యాయి. పేరిందేవి గారు రిటైర్మెంటు మాట ఎత్తడం మానేసి, పొడిగింపుకి దరఖాస్తు పెట్టుకున్నారు.

చట్టం ప్రకారం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది పేరిందేవి గారు. కానీ పిల్లలు వెళ్ళిపోయాక సాయంత్రం పూట ఆ గదిలోకి వెళ్ళి చూస్తే చెప్పేది తన్మయి, వినేది ఆవిడ. రోజుకొక పిల్ల, రోజుకొక పిల్లాడు. మీరిలా అన్నారు, వాడిలా అన్నాడు, అప్పుడు మీరు కిటికీ తెరిచారు అని, తనలోకి వచ్చినవన్నీ తన్మయి తిరిగి అప్పజెబుతోంది. కొన్ని వింటే ఆవిడకు లీలగా తగులుతాయి. చాలావి తగలవు. అయినా వినడం మానదు.

“నిజం చెప్పు, ఆ పిల్లాడు నన్ను అంత మాటన్నాడా?” అంది ఒకరోజు.

“అనడమేంటండీ, కొరికాడు కూడా! తలుపుకి అడ్డం నిలబడ్డారని మీ ముంజేతిని పట్టేశాడు. మీరు లాక్కోలేదు. వాడంతట వాడు వదిలేదాకా ఉండి, ‘నాకు నొప్పిగా ఉందిరా, నీకు ఇంతకంటే నొప్పిగా ఉందా?’ అని అడిగారు. అప్పుడేడ్చాడు.”

పేరిందేవి గారు గాజులు పైకి తోసి చూసుకున్నారు. ముంజేతి మీద అర్ధచంద్రాకారంలో చిన్న చిన్న గాట్లు, పాతబడి తెల్లగా కనిపిస్తున్నాయి.

“ఇది కుక్క కరిచిందనుకుంటున్నానే ఇన్నాళ్ళూ,” అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. “ఏం పేరు వాడిది?”

“సూరిబాబండీ.”

“సూరిబాబు,” అనుకుంటూ ఆవిడ ఆ మచ్చ మీద వేలు రాసుకుంది. “తరవాతేమైందో చెప్పు,” అంది.